పడుగు వీధి

గాలిమరల కంపెనీలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి నేను దేవుణ్ణి కోరుకున్నది ఒకటే, గాలి రాకూడదని. వినేవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోండి. రెక్కను క్రేనుకు కట్టి పైకి లేపే పూట గాలి లేచిందంటే పని ఆగిపోతుంది. క్రేను ఊరికే నిలబడుతుంది, పనివాళ్ళు ఊరికే కూర్చుంటారు, చెన్నై ఆఫీసులో ఏసీ గదిలో ఉన్నాయన మాత్రం ఊరికే ఉండడు, ఫోన్ చేస్తాడు. గాలికి తిరగాల్సిన యంత్రాన్ని గాలి లేనప్పుడు నిలబెట్టాలి. నా ఉద్యోగమంతా ఇదే.

నా పేరు ధర్మలింగం. సివిల్ ఇంజనీర్ని, సైట్ మేనేజర్ని. పునాది తవ్వించడం, కాంక్రీటు పోయించడం, కొండ మీదికి రోడ్డు వేయించడం, టవరు ముక్కలూ రెక్కలూ వచ్చే దారి చూసిపెట్టడం, ఆ దారిలో అడ్డం వచ్చే కరెంటు తీగలకూ చెట్టు కొమ్మలకూ పంచాయతీ పెద్దలకూ దండం పెట్టడం, అన్నీ నావే. కన్యాకుమారి వైపు చేశాను, కచ్‌లో చేశాను, అనంతపురంలో చేశాను. యాభైకి దగ్గరపడ్డాక మొదటిసారి సొంత గడ్డ మీద పని పడింది. పళ్ళిపట్టు అవతల కొండ మీద ఒక నూలుమిల్లు వాళ్ళు తమ కరెంటు కోసం రెండు గాలిమరలు పెట్టుకుంటున్నారు. "ఈడ గాలి యాడుంది సార్?" అని టీకొట్టు మనిషి దగ్గర్నుంచి తహసీల్దారు దాకా అందరూ అడిగారు. నేను ఉందనీ అనలేదు, లేదనీ అనలేదు. నెల జీతగాడికి ఆ ప్రశ్న ఎందుకు?

భార్యా కూతురూ తిరువళ్ళూరులో. నేను తిరుత్తణిలో ఒక లాడ్జి గదిలో. పెద్ద దూరమేమీ కాదు, అయినా చాలా ఆదివారాలు ఇంటికి పోలేకపోయాను. ఒళ్ళు అలిసిపోతే పడుకుని లేస్తే సరిపోతుంది. నాది పడుకుంటే పోయే అలసట కాదు. అది ఎప్పుడు మొదలైందో కూడా నాకు గుర్తులేదు.

సైటుకు పోయే దారిలోనే మా సుగంధి అక్క ఊరు. మాది నేతవాళ్ళ ఇల్లు. నేను చదువు పట్టుకుని బయటపడ్డాను, అక్కను మాత్రం మగ్గం ఉన్న ఇంటికే ఇచ్చారు. బావ పేరు పొన్నుస్వామి. ఆ వీధిలో ఒకప్పుడు ఇంటింటికీ చేతిమగ్గం ఉండేది. ఇప్పుడు కొన్ని ఇళ్ళల్లో పవర్‌లూములు దడదడలాడుతున్నాయి, చాలా ఇళ్ళకు తాళాలు. పిల్లలు కంపెనీ బస్సులెక్కి శ్రీపెరుంబుదూరు పోయి వస్తారు. చేతిమగ్గం మీద ఉన్నది మా బావ, ఇంకా ఒకరిద్దరు ముసలివాళ్ళు. పోయినసారి బావ నేసిన చీరల్లో పోగులు తెగి గంట్లు పడ్డాయని నూలిచ్చి నేయించుకునే నేత సంఘం వాళ్ళు తిప్పి పంపారు. ఈసారి నూలు ఇస్తూ, ఇదీ అట్లాగే ఉంటే ఇంక నూలు కోసం రావద్దని మొహం మీదే చెప్పారు.

అక్క ఈ సంగతి చెప్పి కళ్ళు తుడుచుకుంది. "నువ్వు ఇంత పెద్ద పనిలో ఉండావు. బావకి ఏమన్నా చూడు లింగం" అంది. చూశాను. గాలిమరలు నిలబడ్డాక వాటికి కావలి మనిషి కావాలి. గేటు దగ్గర కుర్చీ, నీడకు రేకుల షెడ్డు, వేసుకోవడానికి యూనిఫారం. ఇంతకంటే సుఖమైన పని ఏముంటుంది?

భోజనాల దగ్గర ఆ మాట చెబితే బావ తల ఎత్తకుండా అన్నం కలుపుకుంటూ అడిగాడు. "ఆడ కూర్చోని ఏం చూడల్ల?"

"గాలిమరను చూసుకుంటే చాలు బావా."

"అది యాడికి పోతుంది?"

అక్క నవ్వింది, నేనూ నవ్వాను, బావ నవ్వలేదు. "పడుగు ఉన్నంతవరకూ నేను నేతగాణ్ణే. ఈ పడుగు ఒకటి సరిగ్గా రానీ, ఎవురినీ అడిగే పని ఉండదు. నీ కుర్చీ ఇంకెవురికన్నా వెయ్యి" అన్నాడు. నేను మాత్రం వదల్లేదు. భోజనానికి పోయినప్పుడల్లా మళ్ళీ అడిగేవాణ్ణి, ఆయన మళ్ళీ వద్దనేవాడు. అక్క ఇద్దరికీ సాంబారు పోసేది.

రెక్క అంటే ఎంతుంటుందో చూడనివాళ్ళకు చెప్పాలి. రైలుపెట్టెలు రెండుమూడు వరసగా పెడితే ఎంతో అంత. వంగదు, మడవడానికి లేదు. మలుపు వచ్చిందంటే దాని తోక పోయి ఎవరింటి గోడనో తాకుతుంది. చెరువుకట్ట దగ్గరి మలుపు చూసి నేను తల పట్టుకున్నాను. తీరా చూస్తే దారి మా అక్క వాళ్ళ వీధిలోనే ఉంది. ఈ కొసన నిలబడితే ఆ కొసన ఉన్న మనిషి కనిపిస్తాడు. ఈ చుట్టుపక్కల అంత తిన్నటి వీధి, అంత వెడల్పైన వీధి ఇంకోటి లేదు. టేపు పట్టించాను, ఫోటోలు తీయించాను, రిపోర్టులో ఎర్రగీత గీసి పంపాను. చెన్నైలో ఉండే మా ప్రాజెక్ట్ డైరెక్టర్ వసంత్ నాకంటే చాలా చిన్నవాడు. "సూపర్ సార్" అన్నాడు.

ఆ వీధి ఎందుకంత తిన్నగా ఉందని నేను ఒక్కసారి కూడా అనుకోలేదు. నేతవాళ్ళ ఇంట్లో పుట్టినవాణ్ణి. సర్వేకు ఎప్పుడు పోయినా సైటు పని అయ్యాక సాయంత్రమే పోయాను.

మిగతా రెక్కలన్నీ ఆ వీధిలో ఏ అడ్డూ లేకుండా దాటాయి. చివరి రెక్క వచ్చే ముందురోజు పంచాయతీ వాళ్ళు ఆటోకు మైకు కట్టి వీధి వీధీ తిప్పారు. రేపు పొద్దున ఎనిమిది గంటలకు పెద్ద వాహనం వస్తుంది, వీధిలో బైకులు, ఆటోలు, ఎద్దుబండ్లు నిలబెట్టరాదు, అని తమిళంలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఎనిమిది అన్నాం గానీ, బడి బస్సులు మొదలయ్యేలోపే ఊరు దాటించెయ్యాలని పోలీసులు తొందరపెట్టారు. మార్గళి నెల, ధనుర్మాసం. రోడ్డంతా మంచు. తిరుత్తణి దగ్గర ఆపిపెట్టిన లారీని వెలుగు రాగానే కదిలించాం. నేను ముందు జీపులో ఉన్నాను. గాలి అన్నది లేదు. ఆకు కదలడం లేదు. మనసులో దేవుడికి దండం పెట్టుకున్నాను, ఈ ఒక్క రెక్క ఎక్కితే పొంగల్ లోపల పని ముగుస్తుంది.

వీధి మొదట్లో జీపు ఆగిపోయింది. మంచులో ముందు వెదురు గుంజలు కనిపించాయి, కత్తెరల్లాగా నిలబెట్టినవి. తర్వాత వాటి మీద వీధి పొడవునా సాగదీసిన నూలు కనిపించింది. గంజి తడికి మెరుస్తూ ఉంది. పక్కన పెద్ద కుంచె పట్టుకుని మా బావ.

జీపు దిగి దగ్గరికి పోయాను. పడుగు ఇది. మగ్గం ఎక్కించే ముందు నూలును ఇట్లా వీధిలో పరిచి, గంజి పట్టించి, పోగుకు పోగు అంటకుండా దువ్వుతూ ఆరబెట్టాలి. ఎండ ముదరకముందు, గాలి లేవకముందు అయిపోవాలి. అందుకే మావాళ్ళు వీధుల్ని తిన్నగా వేసుకున్నారు. తడి మీద చుట్టేస్తే పోగులన్నీ అట్టకట్టి ఇంక పారెయ్యడానికే పనికొస్తుంది. ఏళ్ళుగా అందరూ మిల్లులో గంజి పట్టించుకుంటున్నారు, బావ కూడా అంతేననుకున్నాను. పోయినసారి పోగులు తెగింది ఆ మిల్లు గంజితోనే అని, ఈసారి తన చేత్తోనే పట్టిస్తానని ఆయన పంతం పట్టిన సంగతి నాకు తెలియదు. వీధి పొడవు పడుగుకు ఉన్నది నలుగురే. అక్క, బావ, ఇద్దరు ముసలివాళ్ళు. బావ ఈ కొసన దువ్వి ఆ కొసకు పరిగెత్తుతున్నాడు. ఆయన అక్కడికి చేరేలోపల ఇక్కడ పోగులు ఒకదానికొకటి అంటుకుంటున్నాయి.

"ఏంది బావా ఇది?"

"ఏందంటే? పడుగు."

"నిన్న మైకులో చెప్పినారు గదా, వీధిలో ఏం పెట్టొద్దని!"

"బండ్లు పెట్టొద్దన్నారు. ఇది బండా?" కుంచె ఆపలేదు ఆయన. "ఎనిమిదికన్నారు. ఎనిమిదికంతా చుట్టేసి ఉందును. మంచు విడవలేదు, నువ్వు ముందే వచ్చేసినావు."

అందులో ఒక్క మాట తప్పు లేదు. అదే నాకు ఒళ్ళు మండించింది.

రెక్క వెనక పళ్ళిపట్టు బస్సు ఆగింది, దాని వెనక పాలవ్యాను, కంపెనీ బస్సు. హారన్లు మొదలయ్యాయి. ఎస్కార్టుకు వచ్చిన హెడ్ కానిస్టేబుల్ బుల్లెట్ దిగి వచ్చాడు. "ఎన్న సార్ ఇదు? ఎడుక్క సొల్లుంగ" అన్నాడు. తీసెయ్యమని చెప్పండి, లేకపోతే నేనే తీయిస్తాను అన్నట్టుంది ఆ నిలబడటం. అంతలోనే వసంత్ ఫోన్.

"సార్, పదకొండు దాకా గాలి ఉండదు. క్రేన్ రెడీ. ఎందుకు ఆగారు?"

"వీధిలో పడుగు ఉంది సార్."

"అంటే?"

"నూలు సార్. ఆరబెట్టారు."

"నూలు కోసం రెక్కను ఆపుతారా? నష్టం ఎంతో అంత ఇచ్చేద్దాం, తీయించండి."

"అది మా బావ పడుగు" అన్నాను. "అయితే ఇంకా ఈజీ కదా సార్" అన్నాడు. ఫోన్ జేబులో పెట్టేశాను. ఇంకో మాట అంటే నోరు జారేది.

అక్క చేతులకు గంజి. నా దగ్గరికి వచ్చి మెల్లిగా అంది, "తడి మింద ఉండాది నాయినా. ఇప్పుడు తీస్తే అంతే. ఆ మనిషి మళ్ళా లెయ్యడు."

నేను ఒక్క మాట అంటే చాలు. పోలీసులే తీసేస్తారు. పడుగు పోతే సంఘం నూలు ఇవ్వదు, నూలు లేకపోతే బావకు నా కుర్చీ తప్ప దారి లేదు. ఇన్నాళ్ళూ నేను అడిగింది అదే కదా అని ఒక ఆలోచన వచ్చి పోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

చిన్నప్పుడు మా వీధిలో పొద్దున పూట శవాన్ని తీసుకుపోవాల్సి వస్తే ఏం చేసేవాళ్ళో అప్పుడు గుర్తొచ్చింది. పడుగు చుట్టేవాళ్ళు కాదు. ఇంటింటి నుంచీ మనుషులు వచ్చి గుంజకొకరు పట్టుకుని, ఒక్కసారిగా ఎత్తి, బిగువు సడలకుండా అరుగుల పక్కకు నడిపించేవాళ్ళు. పాడె దాటిపోయేదాకా పట్టుకుని నిలబడి, మళ్ళీ నడివీధికి తెచ్చి పెట్టేవాళ్ళు.

"బావా, సావు పొయ్యేటప్పుడు జరుపుతారు గదా, అట్ల జరుపుదాం."

బావ మొదటిసారి కుంచె ఆపాడు. "జరుపొచ్చు. మనుషులు యాడ? ఆ కాలంలో ఇంటికి ఇద్దరు దిగేవాళ్ళు."

"మనుషులు నా దగ్గర ఉండారు" అన్నాను.

రెక్కతో వచ్చిన గుంపు ఉంది. వాళ్ళ మేస్త్రి గుణ, తిరునల్వేలి మనిషి. బరువులెత్తే పనిలోనే పుట్టి పెరిగినట్టుంటాడు. సంగతి చెబితే ఒక్కసారి పడుగు వైపు చూసి, "దీనికి బరువు లేదు సార్, దీనికి ఓర్పు కావాలి" అని తమిళంలో అన్నాడు. తన కింద పనిచేసే కుర్రాళ్ళను పిలిచాడు. చాలలేదు. నేనే బస్సెక్కాను. అట్లా అడుక్కోవడం నా ఉద్యోగంలో ఎన్నోసారో లెక్కలేదు గానీ, నాకోసం అడుక్కోవడం అదే మొదటిసారి. "అయ్యా, అక్కా, దిగండి, ఒక చెయ్యి వెయ్యండి, మీరు చెయ్యి వెయ్యకపోతే బస్సూ పోదు" అన్నాను. తిట్టుకుంటూ దిగారు. కంపెనీ బస్సు వాళ్ళూ దిగారు, మెడలో ఐడీ కార్డులతో. వాళ్ళల్లో కొందరు ఆ వీధి పిల్లలే.

బావ గుంజ గుంజకూ మనిషిని నిలబెట్టాడు. "మెల్లింగా. ఎవురూ లాగొద్దు, ఎవురూ వదలొద్దు. ఎవురూ మాట్లాడొద్దు, యారుమ్ పేసాదీంగ" అని రెండు భాషల్లో చెప్పాడు. ఒక కొసన పడుగును బిగించి కట్టిన తాడు తానే పట్టుకున్నాడు. రెండో కొస తాడు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నీకు తెలుస్తుంది లే" అన్నాడు.

తెలిసింది. ఎన్నేళ్ళయినా చేతులకు తెలిసింది. తాడు ఎంత బిగించాలో అరచేయి చెబుతుంది. గుణ విజిల్ వేశాడు. వీధి పొడవు నూలు ఒక్కసారిగా లేచి, అడుగులో అడుగు వేసుకుంటూ అరుగుల పక్కకు పోయింది. ఎవరూ దగ్గలేదు కూడా. తర్వాత రెక్క కదిలింది. నేను దాని పక్కన నడుస్తూ గోడలు చూసుకోవాల్సినవాణ్ణి, తాడు పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడ్డాను. నా మొహానికి మూరెడు దూరంలో ఆ తెల్లటి రెక్క పోతూనే ఉంది, ఎంతసేపటికీ అయిపోదు. ఇన్నేళ్ళలో ఎన్ని రెక్కలు ఎక్కించానో, ఏ రెక్కకూ నేనింత భయపడలేదు.

అది దాటింది. ఖాళీ బస్సులు దాటాయి. విజిల్ మళ్ళీ మోగింది, పడుగు నడివీధికి వచ్చింది. తెగిన పోగులు తెగాయి, అవి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినవే.

"ఇక పోదాం" అని నేను అనబోతుంటే బావ ఒక కుంచె తీసి ఐడీ కార్డు పిల్లవాడి చేతిలో పెట్టాడు. ఎట్లాగూ లేటయింది అనుకున్నారో ఏమో, కంపెనీ బస్సు వాళ్ళు కదల్లేదు. గుణ కుర్రాళ్ళూ కొందరు ఉండిపోయారు. ఇంటి లోపల అటకల మీద ఉన్న పాత కుంచెలన్నీ అక్క దించింది. ప్రతి గుంజ దగ్గరా మనుషులు. బావ పరిగెత్తలేదు. మెల్లగా నడుచుకుంటూ ఒకరి చెయ్యి సరిచేసి, ఇంకొకర్ని చూసి తలాడించి పోయాడు. మంచు విడిచి ఎండ పడింది. అట్టకట్టబోయిన పోగులు విడివిడిగా ఆరాయి. మా అక్క కొంగుతో మొహం తుడుచుకుని నన్ను చూసి నవ్వింది. ఆ ఒక్క నిమిషం నేను అలిసిపోయి లేను.

కొండ మీద మామూలే. క్రేను కొక్కేనికి రెక్కను కట్టేలోపలే గాలి లేచింది, చెప్పిన వేళకన్నా ముందే. క్రేను ఆపరేటర్ దిగి బీడీ ముట్టించాడు. వీధిలో ఆగకుండా వచ్చినా ఆ గాలిని తప్పించుకునేవాళ్ళం కాదు. వసంత్ ఫోన్లో చాలాసేపు మాట్లాడాడు. ఆగినా ఆగకపోయినా గాలి ఒకటేనన్న మాట అతనితో అనలేదు, అనే ఓపిక లేదు. రెక్క నేల మీదే పడుకుంది.

సాయంత్రం అక్క ఇంటికి పోయాను. పడుగు చుట్టి మగ్గం పక్కన పెట్టి ఉంది. బావ దాని మీద అరచెయ్యి వేసి చూపించాడు. "చూడు, యాడన్నా ఒక ముడి తగులుతుందేమో. ఇట్లాంటి పడుగు చూసి ఎన్నేండ్లయిందో." మనిషి మొహం వెలుగుతూ ఉంది. నాకు ప్రాణం లేచివచ్చింది. గర్వంగా కూడా ఉంది, దాచడం ఎందుకు?

"నేను చెప్పలే బావా? ఇంక సంఘం వాళ్ళు నోరెత్తరు."

"ఎత్తరు." కాఫీ గ్లాసు పక్కన పెట్టాడు. "నీ బండి రాకుండా ఉంటే ఏమయి ఉండునో తెలుసునా? పడుగే పోయి ఉండును. నువ్వు వచ్చేటప్పటికే ఆ కొస అంటుకుంటా ఉండె. మేము నలుగురం. ఎంత పరిగెత్తినా నా చేత కాలే."

నేను మళ్ళీ ఆ పడుగు వైపు చూశాను.

"వీధి నిండా మనుషులు ఉంటే పడుగు ఎట్ల నిలబడుతుందో మర్చిపోయి ఉంటిని. నా చేతుల్లో ఉండాది పనితనం అనుకుంటా ఉంటిని ఇన్నాళ్ళు. కాదు. వీధిలో ఉండె. వాళ్ళు ఈపొద్దు బస్సు ఆగింది గాబట్టి దిగినారు. రేపు ఎవురు దిగుతారు?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.

"ఇది నేసి ఇచ్చేస్తా. దీంట్లో మాట లేదు. ఆ తర్వాత..." మగ్గం వైపు చూడకుండా గుమ్మం బయట వీధి వైపు చూశాడు. "ఆ కావలి పని ఇంకా ఉందా లింగం?"

వద్దు బావా అనాలనుకున్నాను. పడుగు ఇంత బాగా వచ్చింది కదా, ఎందుకిప్పుడు ఆ మాట అని అడగాలనుకున్నాను. ఎన్నిసార్లు నేను అడిగితే వద్దన్నాడో ఆ పనే ఆయన అడుగుతుంటే చేతిలో కాఫీ గ్లాసు కింద పెట్టేశాను.

"ఉంది" అన్నాను.

"ఎన్ని గంటలకి రావల్ల?"

"పొద్దున ఆరింటికి బావా. తెల్లారేటప్పటికి గేటు దగ్గర ఉండాలి."

"సరే" అన్నాడు. "పొద్దున పూట నాకు ఇంక ఏం పని లేదు గదా."